కొత్త ల్యాప్‌టాప్, పాత డిస్కు, నాలుగు లినక్సులు

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది. నా పాత ల్యాప్‌టాప్‌కి విండోస్ 11 ఎక్కదు. పైగా దాని తెరను పట్టుకునే కీలు (హింజ్) విరిగి రెండేళ్లయింది. తెర వెనక లావుపాటి నిఘంటువు ఆనిస్తే తప్ప నిలబడదు. ప్రూఫులు దిద్దుకుని బతికేవాడికి నిఘంటువు చేతిలో ఉండాలి గానీ తెర వెనక ఉంటే ఎలా? నవంబర్ మొదటి వారంలో ఇక లాభం లేదని కొత్తది కొన్నాను. రైజెన్ 5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, 14 అంగుళాల తెర.

షాపులో కుర్రాడు "మీకెందుకు సార్ శ్రమ, అన్నీ నేనే సెట్ చేసి ఇస్తా" అని విండోస్ తనే మొదలుపెట్టి ఇచ్చాడు. ఆ మర్యాద ఎంత పని చేసిందో తర్వాత చెబుతాను.

విండోస్ లాంటిదే, ఉచితంగా దొరికే లినక్స్ వేయాలన్నది ముందే అనుకున్నదే. దాంట్లో రకాలు బోలెడు, వాటినే డిస్ట్రోలంటారు. ఏది వేయాలన్నదే తెలియలేదు. ఎస్వీ యూనివర్సిటీలో ఎంసీఏ చదివే మా మేనల్లుణ్ణి తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంటికి పిలిచి, "ఏది మంచిది రా?" అని అడిగాను.

"మంచిదని కాదు మామా, దీనికి ఏది పనికొస్తుందో చూడాల. ముందు లోపలి డిస్కు జోలికి పోవద్దు. పాతదాంట్లో ఎస్ఎస్‌డీ ఉండాది కదా, దాన్ని ఊడదీసి యూఎస్‌బీ కేసులో పెట్టు. దాంట్లో వేసి వారం వాడు. నచ్చకపోతే తుడిచేసి ఇంకోటి."

మొత్తం వ్యవహారంలో నాకు దొరికిన మంచి సలహా ఇదే. పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా నడిపి చూడొచ్చు గానీ, పది నిమిషాలు అటూ ఇటూ నొక్కితే ఏ లినక్స్ అయినా బాగానే కనిపిస్తుంది. నాలుగు రోజులు మన పని దాని మీద చేస్తేనే లోపాలు బయటపడతాయి.

ఇంట్లో డెబియన్ 12 అనే డిస్ట్రో ఉన్న పెన్‌డ్రైవ్ ఒకటి పడి ఉంది. ఉన్నదే కదా అని ముందు దాన్నే పెట్టాను. తెర వచ్చింది, టచ్‌ప్యాడ్ కదిలింది, పాట పెడితే పలికింది. వైఫై గుర్తు మాత్రం లేదు. కనెక్ట్ కాకపోవడం వేరు. ఇక్కడ ఈ మిషన్‌కి వైఫై అనేదే లేనట్టు ఆ జాగా ఖాళీగా ఉంది. మావాడు టెర్మినల్ తెరిచి 'ఎల్ఎస్‌పీసీఐ' కమాండ్‌కి 'కె' తగిలించి కొట్టాడు. లోపలున్న ఒక్కో పరికరం పేరు, దాని కింద ఏ డ్రైవర్ దాన్ని నడుపుతోందో ఒక వరస వచ్చాయి. గ్రాఫిక్స్ కింద ఆ వరస ఉంది, ఆడియో కింద ఉంది. వైఫై చిప్ పేరు, 8852బీఈ అనే నంబరు కనిపించాయి గానీ దాని కింద డ్రైవర్ వరస లేదు.

ఈ చిప్ డ్రైవర్ లినక్స్ కెర్నల్లోకి, అంటే దాని గుండెకాయలోకి, వచ్చింది 6.2 వెర్షన్‌లో. 2023 జూన్‌లో విడుదలైన డెబియన్ 12 నడిచేది 6.1 మీద. ఒక్క మెట్టు తేడా. బస్సు కదిలాక స్టాండుకి చేరిన ప్రయాణికుడి లాంటిది మా చిప్. అందులో బస్సు తప్పేమీ లేదు, పాత పెన్‌డ్రైవ్ పెట్టిన నాదే తప్పు. అప్పటిదాకా నేను అందరినీ ఏ డిస్ట్రో మంచిదని అడుగుతూ వచ్చాను. కొత్త ల్యాప్‌టాప్ కొన్నవాడు ముందు అడగాల్సింది, అందులో కెర్నల్ ఎంత కొత్తదని. (వైఫై లేకపోయినా ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది. ఆ సాయంత్రం డౌన్‌లోడ్‌లన్నీ అలాగే అయ్యాయి.)

అలా ఇంకో మూడు తెచ్చుకున్నాం. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13, కెర్నల్ 6.12. సెప్టెంబర్‌లో వచ్చిన లినక్స్ మింట్ 22.2, కెర్నల్ 6.14. అక్టోబర్ చివర వచ్చిన ఫెడోరా 43, కెర్నల్ 6.17. వైఫై మూడింటిలోనూ మొదటి దెబ్బకే వచ్చింది.

ఇక్కడ నా తెలివి ఒకటి చెప్పాలి. లినక్స్ వేసే ముందు సెక్యూర్ బూట్ (సంతకం లేని సిస్టమ్‌ను లేవనివ్వని కాపలా) ఆఫ్ చేయాలని ఎప్పుడో విన్న మాట బుర్రలో ఉండిపోయింది. మావాడు లేని పూట బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లోకి) వెళ్లి దాన్ని ఆఫ్ చేశాను. తర్వాత బ్యాంకు పనేదో ఉండి విండోస్ తెరిస్తే నీలం తెర. డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్‌కి రికవరీ కీ, 48 అంకెలు కొట్టమంటోంది. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుందని కూడా చెబుతోంది. ఏ ఖాతా? షాపు కుర్రాడు మర్యాదగా సెట్ చేసిచ్చినప్పుడు వాడిన ఖాతా. అది ఎవరిదో నాకు తెలియదు. షాపుకి ఫోన్ చేస్తే ఆ అబ్బాయి సెలవులో ఉన్నాడన్నారు. కొని వారం కాలేదు, డబ్బు పోసి కొన్న మిషన్ తాళం ఎవరి జేబులో ఉందో తెలియదు. టెన్షన్‌తో ఆ రాత్రి అన్నం సహించలేదు.

మావాడు వచ్చి నవ్వి, బయోస్‌లో సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్ చేశాడు. విండోస్ ఏమీ జరగనట్టు తెరుచుకుంది. కంపెనీ నుంచి వచ్చిన స్థితి మారితే అనుమానపడి కీ అడుగుతుంది, తిరిగి అదే స్థితికి తెస్తే ఊరుకుంటుంది. అసలు దాన్ని ఆఫ్ చేయాల్సిన అవసరమే లేదు. డెబియన్, మింట్, ఫెడోరా మూడింటి బూట్‌లోడర్ (సిస్టమ్‌ను లేపే ప్రోగ్రామ్) మీదా మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటుంది, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండగానే అవి లేస్తాయి. అప్పటికప్పుడు విండోస్ సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ (ఆ తాళమే) ఆపేసి, అది మొత్తం విప్పుకునేదాకా కూర్చుని, ఆ ఖాతా పీకేసి నాది పెట్టుకున్నాను. మీరు లినక్స్ వేసినా వేయకపోయినా, షాపులో సెట్ చేసిచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఖాతా మార్చుకునే ఈ ఒక్క పని ఈరోజే చేయండి.

తర్వాతి పది రోజులు టీటీడీ డైరీలో ఖాళీ పేజీలు పరీక్షలకి పనికొచ్చాయి. బ్లూటూత్, కెమెరా, మైకు, వెలుతురు పెంచే మీటలు, టీవీకి హెచ్‌డీఎంఐ. వీటి గురించి రాయడానికేమీ లేదు, మూడింటిలోనూ పనిచేశాయి. వేలిముద్ర మూడింటిలోనూ పనిచేయలేదు. మింట్ 22.2లో వేలిముద్రలకని ఫింగ్‌విట్ అనే కొత్త యాప్ ఇచ్చారు కదా అని ఆశపడ్డాను. కానీ ఏ డిస్ట్రో అయినా అడుగున వాడేది లిబ్‌ఎఫ్‌ప్రింట్ అనే ఒకే లైబ్రరీ. అది గుర్తుపట్టే పరికరాల జాబితాలో నా సెన్సర్ నంబరు లేదు. ఆ నంబరు చూడకుండా డిస్ట్రోలు మారుస్తూ పోతే ఎన్ని మార్చినా అంతే.

మూత మూస్తే ల్యాప్‌టాప్ పోయే నిద్ర సంగతి వచ్చేసరికి నన్ను నేనే మోసం చేసుకున్నాను. రాత్రి పదకొండుకి బ్యాటరీ 80 శాతం ఉండగా మూత మూశాను, పొద్దున సుప్రభాతం వేళకి తెరిస్తే 52. మొదట మింట్‌లో చూశాను, తర్వాత డెబియన్‌లోనూ దాదాపు అంతే. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి పాత పద్ధతి గాఢనిద్ర తీసేశారు. మూత మూసినా కునుకు తీస్తూ ఉంటాయే తప్ప పూర్తిగా పడుకోవు. దాని మహిమే ఇదని తేల్చేసి లినక్స్ ఆలోచనే మానుకుందామనుకున్నాను. మూడో రాత్రి మూత మూసి లైటు తీశాక, చీకట్లో యూఎస్‌బీ కేసు మీద చిన్న నీలం దీపం వెలుగుతూ కనిపించింది. నేను పరీక్షించే డిస్కే రాత్రంతా కరెంటు తాగుతోంది! బయటి డిస్కు మీద వేసి చూడటంలో ఉన్న లోపం అది. మిగతా అన్నిటికీ ఆ పరీక్ష నమ్మొచ్చు, బ్యాటరీకి మాత్రం నమ్మకూడదు.

నాకు అసలు ముఖ్యం తెలుగు. నేను కొట్టేది ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డ్ పద్ధతిలో. కీబోర్డ్ లేఅవుట్లలో తెలుగు చేర్చుకోగానే అదే వచ్చింది, ఇంకేమీ వేయనక్కర్లేదు. 'తెలుగువిజయం' ఫాంట్ల ప్యాకేజీ డెబియన్‌లోనూ మింట్‌లోనూ ఒక్క మాటతో ఎక్కుతుంది. గిడుగు, గురజాడ, పెద్దన, సూరన్న, ధూర్జటి అన్నీ అందులోనే ఉంటాయి. మా పక్కనున్న శ్రీకాళహస్తి కవి పేరు మీది ఫాంట్‌తోనే మొదటి పేజీ చూసుకున్నాను, అది ఊరి పక్షపాతం. 'రాష్ట్ర్య', 'లక్ష్మ్య' లాంటి మూడు వత్తుల మాటలు లిబ్రేఆఫీస్‌లో ఎక్కడా విరగలేదు.

ప్రెస్ ఫైళ్లు వేరే కథ. పెళ్లి కార్డులు, సావనీర్లు ఇచ్చే ప్రెస్‌వాళ్లు ఇప్పటికీ అను ఫాంట్లలోనే పంపుతారు. అది అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ కాదు, ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు ముక్కలు పెట్టిన పాత ఏర్పాటు. ఫాంటు లేకుండా తెరిస్తే చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి కాస్తా పిచ్చి గుర్తుల వరస అయిపోతుంది. ఫాంటు వేసుకుని చదవొచ్చు, కానీ దిద్దాలంటే దాని కీబోర్డ్ ప్రోగ్రామ్ కావాలి, అది విండోస్‌ది. కాబట్టి విండోస్‌ని పూర్తిగా తీసేయడం నా వల్ల కాదు. దీనికి ఏ డిస్ట్రో కూడా జవాబు కాదు.

మూడింటిలో ఫెడోరా చురుకుగా ఉంది, మావాడి ఓటు దానికే. కానీ ఒక్కో వెర్షన్‌కి సపోర్ట్ సుమారు పదమూడు నెలలు. కొన్ని వీడియోలు ఆడాలంటే ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే బయటి ప్యాకేజీల భాండాగారం కలుపుకోవాలి. ఏడాదికోసారి ఇల్లు మారే ఓపిక నాకు లేదు. డెబియన్ 13లో వంక పెట్టడానికేమీ దొరకలేదు. అయినా 2029 దాకా సపోర్ట్ ఉన్న మింట్ తీసుకున్నాను. కారణం చెబితే మావాడు ఒప్పుకోడు: కింద పట్టీ, ఎడమ మూల మెనూ లేకపోతే నా చెయ్యి తడుముకుంటుంది.

"ఆ పట్టీ, మెనూ ఇచ్చే సినమన్ డెబియన్‌లోనూ వేసుకోవచ్చు మామా."

"తెలుసు రా." అప్పటికే మింట్ మీద రెండు పుస్తకాల ప్రూఫులు దిద్దేసి ఉన్నాను. ఇక దిగబుద్ధి కాలేదు.

ఆదివారం పూట విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ (మిషన్‌ను పూర్తిగా ఆరనివ్వని ఏర్పాటు) ఆపి, దాని డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే సి డ్రైవ్‌ను 120 జీబీకి కుదించి, మిగతాదాంట్లో మింట్ వేశాం. అరగంట పని. ఆ రాత్రి మళ్లీ 80 దగ్గర మూత మూశాను. పొద్దున 74. ఆ 120 జీబీలోకి ముహూర్తాలున్న నెలల్లోనే వెళ్తున్నాను.