మా అమ్మాయికి ఇంగ్లీషు వ్యతిరేక పదాలు నేర్పిన నెల రోజులు: నా అనుభవం

నిన్న సాయంత్రం మా అమ్మాయి ఇంగ్లీషు స్లిప్ టెస్ట్ పేపర్ తెచ్చింది. 20కి 18. పోయిన నెల ఇదే పాఠానికి 9 వచ్చాయి. మధ్యలో ఏం జరిగిందో మరిచిపోకముందే రాస్తున్నాను. నాలాగా తెలుగు మీడియంలో చదివి, ఇంట్లో పిల్లలకు ఇంగ్లీషు చెప్పుకుంటున్న తల్లులకు పనికొస్తుంది.

అమ్మాయిది ఆరో తరగతి. మాట ముందు ప్రిఫిక్స్ చేర్చి వ్యతిరేక పదం చేయడం పాఠం. అన్‌హ్యాపీ, అన్‌కైండ్, అన్‌లాక్ ఒక్క పూటలో వచ్చేశాయి. డిస్‌లైక్, డిసగ్రీ, డిసొబే కూడా ఇబ్బంది పెట్టలేదు.

చిక్కంతా ఇమ్, ఇల్, ఇర్ దగ్గర వచ్చింది. గైడులో చిన్న పట్టిక ఉంది: పి, బి, ఎం అక్షరాల ముందు ఇమ్, ఎల్ ముందు ఇల్, ఆర్ ముందు ఇర్. చూడగానే ప్రాణం లేచి వచ్చింది. ఎక్కంలా అప్పజెప్పించాను. పిల్ల బుద్ధిగా నేర్చుకుని, టెస్టులో ఆ సూత్రాన్నే తు.చ. తప్పకుండా పాటించింది. పాపులర్‌కు ఇంపాపులర్, ప్లెజెంట్‌కు ఇంప్లెజెంట్, లక్కీకి ఇల్లక్కీ, రియల్‌కు ఇర్రియల్ అని రాసింది. అన్నిటికీ ఎర్ర ఇంటూ మార్కులు. అన్‌పాపులర్, అన్‌ప్లెజెంట్, అన్‌లక్కీ, అన్‌రియల్ అనాలని ఆ గైడు రాసినవాళ్లు ఒక్క ముక్క చెప్పలేదు.

ఆ వారమే పేరెంట్స్ మీటింగ్. నా వెనకాల నలుగురు తల్లిదండ్రులు వరసలో నిలబడి ఉన్నారు. ఇంగ్లీషు మేడమ్ పేపర్ తిప్పి చూపించి, "ఈ రూల్ ఎవరు చెప్పారు?" అని పిల్లను అడిగింది. మా అమ్మాయి నా వైపు చూసింది. "మీరు ఇంట్లో గ్రామర్ చెప్పకండమ్మా, తర్వాత మేం సరిచేయలేక చస్తున్నాం" అంది ఆవిడ, అందరికీ వినబడేలా. సరైనది ఏమిటో, ఎందుకో చెప్పండి మేడమ్ అని అడిగాను. "లిస్ట్ ఇచ్చాం కదా, బైహార్ట్ చేయించండి" అని తర్వాతి వాళ్లను పిలిచింది. ఆటోలో ఇంటికి వచ్చేదాకా పిల్ల నా చెయ్యి పట్టుకునే కూర్చుంది, ఒక్క మాట మాట్లాడలేదు. ఆ ఆటో ప్రయాణం నేను మరిచిపోలేను. తప్పు చెప్పినందుకు నన్ను అనొచ్చు. పిల్ల ముందు, పదిమందిలో అనకూడదు. ఎందుకు అని అడిగిన మనిషికి లిస్ట్ చేతికిచ్చి పంపడం చదువు చెప్పడం కాదు.

ఆ రాత్రి ఫోన్‌లో డిక్షనరీ తెరిచి, ఒక్కో మాటా పైకి చదువుతూ కూర్చున్నాను. ఇన్‌కరెక్ట్‌లో లాగా 'ఇన్' పెట్టి 'ఇన్‌పాసిబుల్' అని నాలుగైదుసార్లు గబగబా అంటే పెదవులు ముందే మూసుకుని ఇంపాసిబుల్ అయిపోతోంది. వెంటనే మన సున్న గుర్తొచ్చింది. 'పందెం'లో సున్న న్ లాగా పలుకుతుంది, 'పంపు'లో మ్ లాగా పలుకుతుంది. మనకు ఎవరూ నేర్పలేదు, తర్వాతి అక్షరాన్ని బట్టి నోరే మార్చుకుంటుంది. ఇల్లీగల్ కూడా అంతే. ఉత్ + లాసం ఉల్లాసం అయినట్టు, ఇన్ + లీగల్ ఇల్లీగల్ అయింది. అంటే ఇమ్, ఇల్, ఇర్ వేరే ప్రిఫిక్సులు కావు, వేషం మార్చిన 'ఇన్' ఒక్కటే. ఈ మార్పు లాటిన్‌లోనే జరిగిపోయి, ఆ మాటలు ఇంగ్లీషులోకి వచ్చాయి. 'అన్' ఇంగ్లీషు సొంత సొత్తు, తర్వాత ఏ అక్షరం ఉన్నా మారదు. కాబట్టి ముందు ఆ మాటకు అన్ వస్తుందా ఇన్ వస్తుందా చూసుకోవాలి. ఇన్ వచ్చే మాట అయితేనే పట్టికతో పని. మేం తలకిందులుగా చేశాం.

పొద్దున్నే పిల్లకు పంపు, పందెం చెప్పి మొదలుపెట్టాను. "మనకూ ఇలాంటివి ఉన్నాయా అమ్మా?" అంది. అన్యాయం, అధర్మం, అశాంతి చెప్పాను. అచ్చు ముందు వస్తే ఆ 'అ' కాస్తా 'అన్' అవుతుందని అవసరం, అనవసరం, ఆరోగ్యం, అనారోగ్యం చూపించాను. సంస్కృతం నుంచి మనకొచ్చిన ఈ 'అ', ఇంగ్లీషు అన్, లాటిన్ ఇన్ మూడూ ఒకే పాత మూలం నుంచి పుట్టాయని చెబితే పిల్ల కళ్లు పెద్దవి చేసుకుని వింది. ఆ మీటింగ్ తర్వాత ఇంగ్లీషు పుస్తకం ముందు అది నవ్వింది అప్పుడే.

స్పెల్లింగ్ కష్టం కూడా దాంతోనే తీరింది. ఇల్లీగల్‌లో రెండు ఎల్‌లు ఎందుకంటే, ఒకటి ప్రిఫిక్స్‌ది, ఒకటి మాటది. అన్‌నెసెసరీలో రెండు ఎన్‌లూ అలాగే. డిసపియర్‌లో ఎస్ ఒక్కటే, ఎందుకంటే అపియర్‌కు సొంత ఎస్ లేదు.

ఇక ఏ మాటకు అన్, ఏ మాటకు ఇన్ అన్నదానికి పిల్లలకు చెప్పదగ్గ గట్టి సూత్రం లేదు. వాడగా వాడగా చెవికి పట్టాలి. చివర ఈడీ, ఐఎన్‌జీ ఉన్న విశేషణాలకు మాత్రం ఎక్కువగా అన్నే వస్తుంది: అన్‌ఫినిష్డ్, అన్‌మ్యారీడ్, అన్‌ఇంట్రెస్టింగ్. రోజుకు ఐదు మాటలు, వంటింట్లో నేను పని చేసుకుంటూనే వాక్యాల్లో అడిగేదాన్ని. లిస్ట్ మాత్రం ముట్టుకోలేదు. ఇంప్రెస్‌లో ఇమ్ తీసేస్తే ప్రెస్ మిగిలినా అది వ్యతిరేకం కాదని తనే కనిపెట్టి నాకు చెప్పింది. ఆ క్లాసులో ఇంకెవరైనా ఆ మాట అన్నారేమో చూపించండి!

నిన్న పోయిన రెండు మార్కుల్లో ఒకటి తొందరలో వదిలేసిన ప్రశ్నది. ఇంకొకటి ఈక్వల్. ఇన్‌ఈక్వల్ అని రాసింది. సోషల్ పాఠంలో ఇన్‌ఈక్వాలిటీ ఉంది కదా అని దాని వాదన. ఈక్వల్‌కు అన్, ఈక్వాలిటీకి ఇన్. ఏబుల్‌కు అన్, ఎబిలిటీకి ఇన్. జస్ట్‌కు అన్, జస్టిస్‌కు ఇన్. రాత్రి అన్నం తిన్నాక ఇద్దరం కూర్చుని ఇలాంటి జంటలు వెతికాం. స్టేబుల్, స్టెబిలిటీ తనకే దొరికాయి.