క్లైమేట్ డేటా నేర్పడం: ఒక్క రోజు, ఒక్క గడి

క్లైమేట్ పరిశోధనలోకి కొత్తగా వచ్చేవాళ్లకు మొదటిరోజే మోడల్ (వాతావరణాన్ని లెక్కకట్టే కంప్యూటర్ ప్రోగ్రాం) నడపాలని ఉంటుంది. నేను నడపనివ్వను. ముందు ఒక్క రోజు, ఒక్క గడి (మ్యాపును గళ్లుగా విడగొడితే అందులో ఒకటి), ఒక్క అంకె సరిగ్గా తీయాలి. హైదరాబాద్‌లో నేర్పుతున్నప్పుడు ఆ రోజు కోసం వెతుక్కోనక్కర్లేదు: 2020 అక్టోబరు 13 రాత్రి నగరాన్ని ముంచిన వాన ఉంది. అందరికీ గుర్తున్న వాన కాబట్టి అంకె తప్పితే వెంటనే అనుమానం వస్తుంది.

భారత వాతావరణ శాఖ (ఐఎండీ) రోజువారీ వర్షపాతం 0.25 డిగ్రీల గ్రిడ్‌లో 1901 నుంచి దొరుకుతుంది, ఏడాదికో బైనరీ ఫైలు. దించుకోగానే సైజు చూడమంటాను. అక్షాంశాలు 129, రేఖాంశాలు 135, ఒక్కో విలువకు 4 బైట్లు. 2020 లీపు సంవత్సరం కాబట్టి 366 రోజులు. అన్నీ గుణిస్తే 2,54,95,560 బైట్లు. అంతకు తక్కువుంటే ఫైలు పూర్తిగా దిగలేదు. చదివే వరుస రోజు, అక్షాంశం, రేఖాంశం. చివరి రెండూ తారుమారైనా ప్రోగ్రాం ఏ ఎర్రరూ ఇవ్వదు, మ్యాపు మాత్రం ఏటవాలు చారలుగా వస్తుంది. అందుకే సగటులూ ట్రెండులూ మొదలుపెట్టకముందే మ్యాపు గీయిస్తాను.

డేటా లేనిచోట మైనస్ 999 ఉంటుంది. దాన్ని తీసేయకపోతే సగటు వర్షం సున్నా కంటే దిగువకు పోతుంది, ఎవరైనా పట్టుకుంటారు. పట్టుబడనిది ఇంకొకటుంది. తీసేశాక పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలోని ఎక్స్‌అర్రే అనే టూల్‌తో నెల మొత్తం కూడితే, అసలు డేటాయే లేని గడికి సున్నా వస్తుంది. సముద్రం మీద చినుకే పడలేదన్నట్టు తేలుతుంది! కూడేటప్పుడు మిన్‌కౌంట్ (కనీసం ఎన్ని విలువలుండాలో చెప్పే సెట్టింగు) 1 అని పెడితే ఖాళీ ఖాళీగానే మిగులుతుంది.

నగరానికి దగ్గరి గడి 17.5 ఉత్తరం, 78.5 తూర్పు. గ్రిడ్ 6.5, 66.5 దగ్గర మొదలవుతుంది, కాబట్టి సున్నా నుంచి లెక్కిస్తే అక్షాంశం 44, రేఖాంశం 48. ఇది కాగితం మీద వేయాల్సిందే. ఆ తర్వాత తేదీ. ఐఎండీ లెక్కలో రోజు ఉదయం 8:30కి ముగుస్తుంది. 13 రాత్రి పడిన వాన 14 కింద ఉంటుంది: ఏడాదిలో 288వ రోజు, సున్నా నుంచి లెక్కించే పైథాన్‌లో 287. 13 కింద వెతికినవాళ్లు డేటాలోనే లోపం ఉందనుకుంటారు.

ఇప్పుడు అదే వానను ఎరా5లో తీయాలి, అంటే యూరప్ వాతావరణ కేంద్రం పరిశీలనలనూ మోడల్‌నూ కలిపి తయారుచేసిన డేటాలో. అది గంటగంటకూ ఉంటుంది, సమయం యూటీసీ (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే అంతర్జాతీయ సమయం)లో, వర్షం మీటర్లలో. 1000తో గుణించడం తేలికే, రోజును కట్టడమే అసలు పని. మన 8:30 అంటే అక్కడ 03. ప్రతి విలువా ఆ గంటతో ముగిసిన వానను చెబుతుంది, కాబట్టి 13న 04 నుంచి 14న 03 వరకు 24 విలువలు కూడాలి. సులువు మార్గం: సమయానికి 20 గంటలు కలిపి, ఆపైన రోజువారీ మొత్తం తీయడం. తేదీ కూడా ఐఎండీతో కలిసిపోతుంది. అక్షాంశాలు మాత్రం ఎరా5లో ఉత్తరం నుంచి దక్షిణానికి దిగుతాయి. 10 నుంచి 25 అని కోస్తే ఏమీ రాదు, 25 నుంచి 10 అని కోయాలి.

రెండు అంకెలూ పక్కపక్కన పెట్టాక తేడా కనిపిస్తుంది. ఇక్కడ తొందరపడనివ్వను. గడి ఉత్తర దక్షిణాలుగా సుమారు 28 కిలోమీటర్లు, తూర్పు పడమరలుగా 26కు పైన. ఘట్‌కేసర్‌లో ఒక రెయిన్‌గేజ్ చూపినదాన్ని అంత విస్తీర్ణపు సగటు చూపించాలని లేదు. ఎరా5 కూడా కుండపోతను తగ్గించి చూపే అవకాశం ఎక్కువ, ఎందుకంటే దాని మోడల్ విడి మేఘాలను నేరుగా లెక్కకట్టలేదు.

సీమిప్6 (ప్రపంచంలోని క్లైమేట్ మోడళ్ల ఫలితాలను పోల్చే ప్రాజెక్టు) ఫైళ్లకు వచ్చేసరికి సగం దారి అయిపోయినట్టే. వర్షం సెకనుకు చదరపు మీటరుకు కిలోగ్రాముల్లో ఉంటుంది, 86400తో గుణిస్తే రోజుకు మిల్లీమీటర్లు. కొన్ని మోడళ్లలో ఫిబ్రవరి 29 ఉండదు, బ్రిటన్ మోడళ్లలో ఏడాదికి 360 రోజులే. అందుకని రోజులను జతపరచకుండా నెలలవారీగా పోల్చమంటాను. గ్రిడ్ మార్చేటప్పుడు వర్షానికి సీడీఓ అనే క్లైమేట్ డేటా టూల్‌లోని రీమ్యాప్‌కాన్ కమాండు వాడాలి, మొత్తం నీరు మారకుండా ఉంటుంది. సన్నని ఐఎండీ గ్రిడ్‌ను మోడల్ పెద్ద గళ్ల గ్రిడ్‌కు మార్చాలి తప్ప, మోడల్‌ను సన్నగా చేసి లేని వివరం పుట్టించకూడదు.

ఒక ప్రాంతపు వాతావరణాన్ని మనమే లెక్కకట్టే మోడల్ డబ్ల్యూఆర్ఎఫ్ చివర్న. 9 కిలోమీటర్ల గ్రిడ్‌కు టైమ్‌స్టెప్ (మోడల్ ఒక్కో అడుగులో ముందుకెళ్లే సమయం) 54 సెకన్లు, అంటే కిలోమీటర్లకు ఆరు రెట్లు. రన్ మధ్యలో సీఎఫ్‌ఎల్ ఎర్రరుతో (గడుల సైజుకు టైమ్‌స్టెప్ మరీ ఎక్కువైందనే హెచ్చరిక) ఆగితే ముందు టైమ్‌స్టెప్‌నే తగ్గించి చూడాలి. ఆ గ్రిడ్ లోపల పెట్టే 3 కిలోమీటర్ల డొమైన్‌లో (లెక్కకట్టే ప్రాంతంలో) ఒక్కో దిశలో ఇచ్చే గ్రిడ్ బిందువుల సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే మిగిలింది 3తో భాగింపబడాలి. 100 కుదురుతుంది, 101 కుదరదు.