బాణం అవతలికి రావాలి

మూడేళ్ళ కిందట అక్టోబర్ చివర్లో, అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని సాక్ కౌంటీలో ఒక ఆడ జింకని బాణంతో కొట్టి పోగొట్టుకున్నా. అది దొరకలేదు. ఇంట్లోవాళ్ళకి, నాకు వేట నేర్పిన మా పక్కింటి పెద్దాయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడెందుకు రాస్తున్నానంటే ఈ మధ్య మాడిసన్‌లో మన తెలుగువాళ్ళు ఇద్దరు ముగ్గురు బో హంటింగ్, అంటే విల్లుతో వేట, మొదలుపెడదామని నన్ను అడిగారు, అందరూ అడిగేది ఒకటే, ఏ బో కొనాలి అని. బో సంగతి తర్వాత చూద్దాం, బాణం జింక ఒంట్లోకి దిగాక ఏం జరుగుద్ది అన్నది ముందు తెలియాలి, నేను అది తెలుసుకోకుండానే చెట్టెక్కా.

ఆ సాయంత్రం ట్రీ స్టాండ్‌లో, అంటే చెట్టుకి బిగించిన చిన్న మంచె మీద, ఇరవై అడుగుల ఎత్తులో ఉన్నా. చీకటి పడటానికి ఇంకో ఇరవై నిమిషాలు ఉందనగా జింక వచ్చింది, 22 గజాలు, కాస్త నా వైపుకి తిరిగి ఏటవాలుగా నిలబడింది. ఆగాల్సింది, పక్కకి తిరిగేదాకా ఆగితే సరిపోయేది, కానీ చేతులు వణుకుతున్నాయి, వెలుతురు పోతోంది, బాణం వదిలేశా. చెక్క మీద కొట్టినట్టు టక్‌మని శబ్దం వచ్చింది. జబ్బ ఎముక. బాణం సగం బయటికే వేలాడుతుండగా పరిగెత్తింది. తర్వాత 80 గజాల దూరంలో విరిగిన ముక్క దొరికింది, దాని మీద రక్తం మరక ఐదు అంగుళాల మేరే ఉంది. అక్కడక్కడా నాలుగు చుక్కలు, అంతే. రాత్రి వాన పడింది. మర్నాడు పొద్దున పెద్దాయన, తాడు కట్టిన వాసన కుక్కతో ఇంకొకాయన వచ్చారు, చీకటి పడేదాకా ముగ్గురం వాగులూ పొదలూ అన్నీ వెతికాం. జబ్బకి తగిలినవి చాలాసార్లు మానిపోయి బతుకుతాయి అని పెద్దాయన నన్ను ఓదార్చాడు. బతికిందేమో. బతక్కపోతే ఎక్కడ ఎంతసేపు పడుందో అన్న ఆలోచన మాత్రం ఆ చలికాలం అంతా నన్ను వదల్లేదు.

అప్పటిదాకా నాకు బాణమంటే నెమ్మదిగా వెళ్ళే బుల్లెట్ అన్నట్టే ఉండేది. రెండిటి పనీ వేరు. బుల్లెట్ దెబ్బకి చుట్టూ ఉన్న కండ కూడా నలిగిపోద్ది, బాణం చేసేది కోత ఒక్కటే. కోసిన దారిలో ఉన్న రక్తనాళాలు తెగి, ఊపిరితిత్తులు గాలి పోయి కుంచించుకుపోయి, రక్తం పోయి జంతువు చనిపోద్ది. రెండు ఊపిరితిత్తులూ తెగితే చాలావరకు పది పదిహేను సెకన్లలో, నూరు గజాల లోపే పడిపోద్ది, ఏం జరిగిందో దానికి తెలిసేలోపే అయిపోద్ది అన్నంత వేగంగా. అందుకే పదును అన్నిటికన్నా ముందు. మా తాతయ్య పండక్కి మేకని కోసేముందు సానరాయి మీద కత్తిని పావుగంట నూరేవాడు, మొండికత్తి పట్టుకుంటే పాపం చుట్టుకుంటది అనేవాడు. చిన్నప్పుడు విన్న ఆ మాట ఇక్కడ గరాజ్‌లో బ్రాడ్‌హెడ్, అంటే బాణం కొసకి బిగించే బ్లేడ్ల ములికి, నూరుతుంటే గుర్తొచ్చింది. మొండి అంచు రక్తనాళాన్ని పక్కకి నెట్టి జారిపోద్ది, పదునైన అంచు శుభ్రంగా తెంపుద్ది, శుభ్రంగా తెగినచోట రక్తం గడ్డకట్టడం కూడా ఆలస్యం అవుద్ది. ముంజేతి మీద గీస్తే వెంట్రుకలు రాలాలి. కొత్త ప్యాకెట్లోంచి తీసినవి కూడా నేనిప్పుడు అలా చూసుకున్నాకే పొదిలో పెడతా.

ఇక అసలు విషయం. బాణం ఎంత లోపలికి దిగాలి అంటే అవతలి వైపు నుంచి బయటికి వచ్చేయాలి, నా మటుకు ఇంకో సమాధానం లేదు. ఊపిరితిత్తుల దాకా దిగితే జింక ఎలాగూ చనిపోద్దిగా, అవతలికి వచ్చినా రాకపోయినా ఏంటి అని నేనూ అనుకున్నా. కానీ మనం కొట్టేది చెట్టు మీదనుంచి. బాణం పైన, వీపుకి దగ్గరగా దిగుద్ది. ఆ ఒక్క కన్నమే ఉంటే రక్తం అంతా ఛాతీ లోపలే నిండుద్ది, బయటికి కారదు, నేల మీద ఏమీ కనపడదు, చచ్చిన జింక మనకి వంద గజాల్లోనే ఉన్నా ఆకుల్లో, గడ్డిలో దొరక్కుండా పోవచ్చు. రెండో కన్నం కింద, అవతలి ముందుకాలి వెనక పడితే తొట్టికి అడుగున చిల్లు పడ్డట్టే, అడుగడుగునా రక్తం జాడ ఉంటది. చంపడానికి ఒక కన్నం చాలేమో గానీ వెతికి పట్టుకోవడానికి రెండు కావాలి.

మరి అవతలికి రావాలంటే ఏం చేయాలి? దీని మీద ఎడ్ యాష్బీ అనే ఆయన ఏళ్ళ తరబడి పనిచేశాడు, 1980ల్లో సౌత్ ఆఫ్రికాలోని నటాల్‌లో మొదలుపెట్టి నిజమైన జంతువుల మీద బాణాలు ఎంత దిగుతున్నాయో కొలుచుకుంటూ వెళ్ళాడు. ఆయన చెప్పిన వరసలో మొదటిది బాణం విరక్కుండా, వంగకుండా ఉండటం, రెండోది తిన్నగా ఎగరడం. బరువు వాటి తర్వాతే. ఇది చదివాక నా పాత బాణాలు బయటికి తీసి తూచా, ఒక్కోటి 385 గ్రెయిన్లు, అంటే సుమారు 25 గ్రాములు. తగిలినప్పుడు తెరుచుకునే మెకానికల్ బ్రాడ్‌హెడ్, రెండు అంగుళాల కోత. నా బో 60 పౌండ్లది, అంటే తాడు లాగడానికి అంత బలం కావాలి, ఆ బాణం సెకనుకి 270 అడుగులు పోయేది, ఆ స్పీడ్ చూసి తెగ సంబరపడేవాణ్ణి. కానీ తేలిక బాణం ఎముక తగలగానే ఊపు పోగొట్టుకుంటది, పైగా ఆ రెక్కలు తెరుచుకోవడానికీ, అంత వెడల్పు కోయడానికీ బలం ఖర్చవుద్ది. మెకానికల్స్‌తో ఏటా శుభ్రంగా వేటాడేవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు, వాళ్ళని తప్పు పట్టను, కానీ నా డ్రా లెంగ్త్‌కి, అంటే నేను తాడు లాగే దూరానికి, నా బో బలానికి అది సరిపోలేదు.

ఇప్పుడు నా బాణం 520 గ్రెయిన్లు, ముందువైపు బరువు ఎక్కువ, రెండు రెక్కల ఫిక్స్‌డ్ బ్రాడ్‌హెడ్, రెక్కలు కదలకుండా ఉండేది. స్పీడ్ 237కి పడిపోయింది. అయినా లెక్క వేసి చూడండి, బరువుని వేగంతో గుణిస్తే వచ్చే మొమెంటం పాతదానికన్నా దాదాపు 19 శాతం ఎక్కువ, అదే బో, అదే చెయ్యి. బరువు బాణానికి బో చప్పుడు కూడా తగ్గింది. యాష్బీ మాట పట్టుకుని 650 గ్రెయిన్లు తప్పనిసరి అని వాదించేవాళ్ళు తగులుతారు, ఆ అంకె లావు ఎముకలు కూడా దాటించే లెక్క, మన వైట్‌టెయిల్ జింకకి అంత అక్కర్లేదు అని నా అభిప్రాయం, అంత బరువైతే దూరం అంచనాలో రెండు మూడు గజాలు తేడా వచ్చినా బాణం కిందకి పోద్ది.

తిన్నగా ఎగరడం అన్నదాన్ని చాలామంది పట్టించుకోరు. బాణం తోక ఊపుకుంటూ వెళ్ళి తగిలితే బలం పక్కలకి పోద్ది, లోపలికి దిగదు. కాగితం ఫ్రేమ్‌కి బిగించి ఆరడుగుల నుంచి కొట్టి చూడండి, చినిగిన తీరు చూస్తే తెలిసిపోద్ది. నాది రెండు అంగుళాలు పక్కకి చినిగేది, నేను రెండేళ్ళు దాంతోనే తిరిగా. ఎంత బరువు బాణమైనా అలా పోతే లాభం లేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, బాణం ఎప్పుడు వదలాలి అన్నది ఒక ఎత్తు. జింక పూర్తిగా పక్కకి తిరిగి ఉండాలి, లేదా కొంచెం అవతలికి తిరిగి ఉంటే ఇంకా మంచిది, అప్పుడు అవతలి ముందుకాలిని గురి పెట్టుకుంటే బాణం డొక్కలోంచి ముందుకి కోసుకుంటూ పోద్ది. దగ్గరి కాలు ముందుకి వేసినప్పుడు జబ్బ ఎముక కూడా ముందుకి జరిగి పక్కటెముకలు బయటపడతాయి, ఆ అడుగు కోసం ఆగాలి. మన వైపు తిరిగుంటే కొట్టకుండా జింకని పోనివ్వండి, ఇంకో రోజు వస్తది. దూరం కూడా, నేను 25 గజాలు దాటి కొట్టను. 40 గజాలంటే నా బాణానికి అర సెకను పడుద్ది, శబ్దం పదో వంతు సెకనులో చేరిపోద్ది, ఉలికిపడ్డ జింక దూకడానికి ముందు కాళ్ళు మడిచి కిందకి వంగుద్ది, మనం చూసి కొట్టిన చోటు అక్కడ ఉండదు.

కొట్టాక కదలొద్దు. బాణం దొరికితే దాన్ని చూడండి. లేత రంగు రక్తం, అందులో బుడగలు ఉంటే ఊపిరితిత్తులు, అయినా అరగంట కూర్చోండి. ముదురు ఎరుపు అయితే కార్జం, నాలుగైదు గంటలు ఆగాలి. పచ్చగా, కంపు కొడుతుంటే పొట్టకి తగిలినట్టు, అప్పుడు ఎనిమిది పది గంటలు దాని జోలికి పోకూడదు, తొందరపడి లేపితే మైలు దూరం పోయి చస్తది, మనకి దక్కదు, మాంసం వృథా.

తర్వాతి ఏడాది నవంబర్‌లో అదే అడవిలో 18 గజాల్లో ఇంకో ఆడ జింక, అవతలికి తిరిగి ఉంది. చప్పుడు అసలు వినపడలేదు. బాణం వెనక మట్టిలో గుచ్చుకుని నిలబడింది, దాని మీద బుడగల రక్తం. అరగంట వాచీ చూసుకుంటూ కూర్చున్నా. టార్చ్ అక్కర్లేకుండానే దారి కనపడింది, 60 గజాలు, ఓక్ చెట్టు మొదట్లో పడుంది. పక్కన కూర్చుని ఒళ్ళు తాకా, ఇంకా వెచ్చగానే ఉంది. తిప్పి చూస్తే రెండో కన్నం నేను అనుకున్న చోటే, అవతలి కాలి వెనక, కిందుగా. అక్కడే ఏడ్చేశా, పెద్దాయన కాసేపు ఏమీ మాట్లాడకుండా అటు తిరిగి నిలబడ్డాడు.

అమ్మ ఫోన్లో "పాపం కాదురా?" అని అడుగుద్ది, ఇప్పటికీ. నేను తినే మాంసానికి ప్రాణం తీసింది నేనే, అది ఎలా పోయిందో నాకు తెలుసు అని మాత్రం చెప్తా. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం జింకని వేటాడితే జైలే, ఇక్కడ మాత్రం లైసెన్స్ ఉంది, కోటా ఉంది, 1934లో అమెరికాలో మొదటిసారి విల్లుతో వేటకంటూ సీజన్ పెట్టింది ఈ సాక్, పక్కనున్న కొలంబియా కౌంటీల్లోనే. 2002లో ఈ రాష్ట్రంలో జింకలకి సీడబ్ల్యూడీ అనే ప్రాణాంతకమైన మెదడు జబ్బు బయటపడ్డప్పటి నుంచి తల శాంపిల్ టెస్ట్‌కి ఇచ్చి, రిజల్ట్ వచ్చాకే వండుకుంటాం.

నన్ను అడిగినవాళ్ళలో ఒక కుర్రాడు అప్పుడే 70 పౌండ్ల బో కొనేశాడు, లాగడానికి ఆకాశం వైపు ఎత్తి కుస్తీ పడుతున్నాడు, కూర్చుని, చలిలో, లావు జాకెట్‌తో అది అసలు రాదు. 50కి తగ్గించుకో తమ్ముడూ, సరైన బాణంతో అది ఎక్కువే అని చెప్పా. ఈ శనివారం బాణాలు తీసుకుని మా గరాజ్‌కి వస్తానన్నాడు, ముందు వాటిని తూచాలి.