ఐదు నిమిషాల గంట

రాత్రి పన్నెండు కావస్తోంది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే మా వంటింటి టైమరు ఇంకా బల్ల మీదే ఉంది; ఈ ఒక్క రోజు అది మోగినన్నిసార్లు కొన్న నాటినుంచీ మొత్తం మీద మోగి ఉండదు. గురువారం చిన్నదానికి పశువైద్య కళాశాలలో మొదటి ఇంటర్వ్యూ కాబట్టి నాకు నిద్ర పట్టడం లేదని ఈయన అనుకుంటున్నారు, నేనూ అవునన్నాను. కారణం అది కాదు. మధ్యాహ్నం చిన్నది నన్నొక ప్రశ్న అడిగింది, దానికి నేను అబద్ధం చెప్పాను, అది నమ్మిందో లేదో ఇప్పటికీ తెలియడం లేదు.

ఇక్కడ బ్రిటన్‌లో పశువైద్య కళాశాలలు చాలావరకు అభ్యర్థిని ఒకచోట కూర్చోబెట్టి అరగంట సేపు అడిగే పాత పద్ధతిని వదిలేశాయి. వరుసగా కొన్ని గదులు, గదికొక పరీక్షకుడు, కొన్ని నిమిషాలకొక గంట. గంట మోగగానే చెప్పబోయే మాటను నోట్లోనే ఉంచుకుని పక్క గదికి నడవాలి. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో వైద్య విద్యార్థుల కోసం మొదలైన ఈ పద్ధతి ఇప్పుడు గొడ్ల దాకా వచ్చింది. అందుకని ఆదివారం మా ఇంటినే కళాశాలగా మార్చాలని పెద్దవాడు నిర్ణయించాడు. గ్యారేజీలో వాడు లెక్కల పరీక్షకుడు, హాలులో స్లౌ పట్టణంలో ఉండే వదినగారు కుక్క యజమానురాలు, వంటింట్లో నేను, మెట్ల మీద టైమరు పట్టుకుని ఈయన. గ్యారేజీ సంగతి చెప్పడానికి ఏమీ లేదు: ఇరవై నాలుగు కిలోల కుక్క, కిలోకు రెండు మిల్లీగ్రాముల మందు, మిల్లీలీటరుకు ఇరవై మిల్లీగ్రాములున్న సీసా, సిరంజిలోకి ఎంత తీయాలి అని వాడడిగితే, 2.4 మిల్లీలీటర్లని చెప్పి, గ్యారేజీలో చలిగా ఉందని విసుక్కుంటూ వచ్చేసింది.

స్లౌ వదినగారి గురించి ఇదివరకే రాశాను గనుక ఆవిడ గుణగణాలను మళ్ళీ వర్ణించను. ఆవిడకిచ్చిన చీటీలో ఉన్నదిది: కుక్క మేజోడు మింగింది, పేగుకు అడ్డం పడింది, ఆపరేషన్ చేయాలి, యజమాని దగ్గర డబ్బు లేదు, బీమా లేదు. ఆవిడ చీటీని పక్కన పెట్టి, "ఇంత ఖర్చెందుకమ్మా, ఓ సూది వేసి పంపించేయ్, ఇంకోదాన్ని కొనుక్కుంటాను" అని నవ్వారు. చిన్నది నవ్వలేదు. "మీ కుక్క పేరేమిటండీ?" అని అడిగింది. చీటీలో పేరు లేదు. ఆవిడ తడబడి, "టామీ" అన్నారు. "టామీకి ఎన్నేళ్ళు?" అని చిన్నది మళ్ళీ అడిగేసరికి, చిత్రమేమిటంటే, ఆ లేని కుక్క మీద ఆవిడకు నిజంగానే దిగులు పుట్టినట్టు గొంతు మారిపోయింది. వాయిదాల మీద కట్టే వీలుందేమో కనుక్కుంటాననీ, పేదవారి జంతువులకు వైద్యం చేసే పీడీఎస్‌ఏ వంటి ధర్మసంస్థలున్నాయనీ, ఏ దారీ లేకపోతే బాధ లేకుండా పంపించడం కూడా తప్పు కాదనీ చిన్నది చెబుతుండగా గంట మోగింది. నేను తలుపు పక్కనుంచి వింటున్నాను. బాగా చెప్పింది.

అక్కడితో రోజు ముగిసినా సరిపోయేది. టీ తాగుతూ వదినగారు తన తమ్ముడి కొడుక్కి మెడిసిన్‌లో సీటు వచ్చిన వైనం చెప్పి, "మన చిన్నదానికి ఆ మార్కులు రావనా, పశువుల్లోకి పంపుతున్నారు?" అన్నారు. పశువుల్లోకి! గొడ్లచావిట్లోకి తోలేస్తున్నట్టు. ఈ దేశంలో వైద్య కళాశాలలు నలభైకి పైనే ఉంటే పశువైద్య కళాశాలలు డజను చుట్టుపక్కలే ఉన్నాయనీ, ఇక్కడ సీటు దొరకడం అంతకన్నా సులువేమీ కాదనీ నేను వివరించడం మొదలుపెట్టాను. "పేరు ముందు డాక్టరని పెట్టుకోనిస్తారా మరి?" అన్నారావిడ. 2015 నుంచి పెట్టుకోవచ్చునని ఠక్కున జవాబిచ్చాను. ఇచ్చిన మరుక్షణం నా మీద నాకే రోత పుట్టింది. ఆ సంవత్సరాన్ని ఎప్పుడు, ఎందుకు కంఠతా పట్టాను? ఇలాంటి వదినగారొకరు ఎప్పుడో అడుగుతారనే కదా. మన భాషలోనూ ఉంది లోపం. బుద్ధిలేని మనిషిని తిట్టాలంటే పశువంటాం, బతుకు చెడితే కుక్క బతుకంటాం, వాటికి వైద్యం చేసే మనిషి మీద గౌరవం ఎక్కడినుంచి వస్తుంది? ఆవిడ రెండో కప్పు టీ కూడా తాగి వెళ్ళారు. పంచదార తక్కువైందట.

ఆ చిరాకుతోనే వంటింటి పరీక్షకు కూర్చున్నాను. "ఈ వృత్తి ఎందుకు?" అన్నదే నా ప్రశ్న. చిన్నది రెండు నిమిషాల్లో చెప్పింది. వసంతంలో గొర్రెలు ఈనే కొట్టంలో గడిపిన రాత్రులు, నిరుడు సోమర్‌సెట్ పాడి రైతు దగ్గర చేసిన రెండు వారాలు, భుజం దాకా వచ్చే నారింజరంగు ప్లాస్టిక్ తొడుగు వేసుకుని ఆవు లోపలికి మొదటిసారి చెయ్యి పెట్టినప్పుడు తగిలిన వేడి. అన్నీ ఉన్నాయి, మా గేదె లేదు. ఎన్నేళ్ళుగా చెబుతున్నాను ఆ కథ! పరీక్షకురాలినన్న మాట మరిచి, "తాతయ్య గేదె సంగతేదీ?" అని అడిగేశాను. "అది నీ కథ కదమ్మా, నేను చూడలేదుగా" అంది. నా ముఖం చూసి కాబోలు, లేచి మెట్ల దగ్గరికి వెళ్ళి, వాళ్ళ నాన్న చేతిలో టైమరు లాక్కొచ్చి, ఐదు నిమిషాలకు తిప్పి నా ముందు పెట్టింది. "అయితే నువ్వే చెప్పు. నేను పరీక్షకురాలిని."

చెప్పాను. 1987, కార్తీక మాసం, నాకు పదేళ్ళు. పొద్దుటినుంచీ గేదె లేస్తోంది, పడుకుంటోంది, తోక ఎత్తుతోంది, ఉమ్మనీటి సంచి మాత్రం బయటికి రావడం లేదు. దిష్టి తగిలిందని పక్కింటి మామ్మ ఎండుమిరపకాయలు తిప్పి పోయింది. చీకటి పడ్డాక నాన్న ఎక్కడినుంచో పశువుల డాక్టరుగారిని లూనా వెనక కూర్చోబెట్టుకుని తీసుకువచ్చారు. ఆయన చొక్కా విప్పి కొయ్యకు తగిలించి, చేతికి భుజం దాకా లైఫ్‌బాయ్ సబ్బు పట్టించుకుని, గేదె లోపల వెతికి, కళ్ళు మూసుకుని కాసేపు అలాగే ఉన్నారు. "గర్భసంచి మెలిక పడింది. కుడివైపుకు. మీ ఇంట్లో పొడుగు చెక్క ఉందా?" అన్నారు. సంక్రాంతికి పిండివంటలు పరిచే బల్ల ఒకటి ఉండేది మాకు, అమ్మ అదే తెచ్చి ఇచ్చింది. ముందు కాళ్ళు రెండూ ఒక తాడుతో, వెనక కాళ్ళు రెండూ ఇంకో తాడుతో కట్టి, గేదెను కుడి పక్కకు పడుకోబెట్టారు. చెక్క ఒక కొన నేల మీద, రెండో కొన దాని డొక్క మీద ఆనించి, నాన్నను చెక్క మీద నిలబడమన్నారు. లోపలి బరువు కదలకుండా చెక్క అదిమి ఉంచుతుంది, బయటినుంచి గేదెను మెలిక పడిన వైపుకే దొర్లిస్తే శరీరం వెళ్ళి సంచిని అందుకుంటుంది, మెలిక విడిపోతుంది; ఇదంతా నాకు తరువాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా, ఊళ్ళో నలుగురు మగవాళ్ళు తాళ్ళు పట్టి లాగుతుంటే మా గేదె వెల్లకిలా తిరిగి నాలుగు కాళ్ళూ చుక్కల వైపు పెట్టడం. మొదటిసారి విడలేదు. రెండోసారీ విడలేదు. మూడోసారి దొర్లించాక డాక్టరుగారు చెయ్యి పెట్టి చూసి, నవ్వి, "నిలబెట్టండి" అన్నారు. గేదె లేచిన కాసేపటికి బిందె బోర్లించినట్టు నీళ్ళు, వాటి వెనక రెండు తెల్లటి గిట్టలు. దూడ బతికే ఉంది. ఆయన గడ్డిపోచతో దాని ముక్కు కదిపి తుమ్మించారు.

సరిగ్గా అక్కడ టైమరు మోగింది. ఎన్నిసార్లు చెప్పినా నేను ఆ తుమ్ము దగ్గరే ఆపుతాను. చిన్నది పెన్ను బల్ల మీద పెట్టి, పరీక్షకురాలి గొంతుతోనే, "ఆ దూడ ఏమైంది?" అని అడిగింది.

"పెరిగి పెద్దదైంది" అన్నాను.

భోజనాల దగ్గర మాట కళాశాలల మీదికి మళ్ళింది. పశువైద్యానికి నాలుగే దరఖాస్తులు పెట్టనిస్తారు, వాటికి అక్టోబరు 15 గడువు. చిన్నది లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ, సర్రే, నాటింగ్‌హామ్, లివర్‌పూల్ పెట్టింది. నాలుగూ పిలిచినా చివరికి ఖాయంగా ఒకటి, వెనకదన్నుగా ఒకటి ఉంచుకుని మిగిలినవి వదులుకోవాలి. ఇంగ్లాండులో చదివే ఇక్కడి పిల్లలకు ఏడాది ఫీజు ఎక్కడైనా ఒకటే గనుక డబ్బు తేల్చే తగువు కాదిది. 1791లో పుట్టిన కాలేజీ అన్న గౌరవం కొద్దీ ఈయన ఓటు లండన్‌కు. నా ఓటు సర్రేకి, ఎందుకంటే మా రెడింగ్ నుంచి ఆ కళాశాల ఉన్న గిల్‌ఫర్డ్‌కు నేరుగా రైలుంది. నేను మాత్రం రైలు మాట ఎత్తకుండా, అక్కడ కళాశాల సొంత ఆసుపత్రి మీద ఆధారపడకుండా బయటి క్లినిక్కులలో నేర్పిస్తారు, రేపు ఉద్యోగంలో చూసేది అదే కదా అని వాదించాను. నాటింగ్‌హామ్‌దీ ఆ దారేననీ, అక్కడ మొదటి ఏడాదినుంచే జంతువులను పట్టుకోనిస్తారనీ పెద్దవాడు అందించాడు. చిన్నది అన్నం కలుపుతూ, "లివర్‌పూల్‌కి సొంత పొలాలున్నాయి. లీహర్స్ట్‌లో ఆవులు, గొర్రెలు, గుర్రాలు, అన్నీ ఒక్కచోట ఉంటాయి" అంది. "ఆవులెందుకే ఇప్పుడు? హాయిగా కుక్కలూ పిల్లులూ చూసుకోక!" అన్నాను.

ఈ టపాను నేను వదినగారిని తిట్టడానికే మొదలుపెట్టాను. పైన రాసినదాన్ని కొట్టివేయను గాని, అంత పంచదార గోల పెట్టిన ఆవిడకూ నాకూ ఉన్న తేడా ఎంతో ఇక్కడికి వచ్చాక తెలియడం లేదు. పరిచయస్తులెవరైనా పిల్ల ఏం చదువుతోందని అడిగితే, "వెటర్నరీ మెడిసిన్" అని, మెడిసిన్ దగ్గర గొంతు కొంచెం పెంచి చెప్పేది నేనే. గేదె కథ ఊరూరా చెప్పుకునేదీ నేనే, కూతురు పేడ తొక్కకుండా గాజు తలుపుల క్లినిక్కులో కూర్చోవాలని కోరేదీ నేనే. 2013లో పదింట ఒకటిగా ఉన్న పెద్ద కంపెనీల క్లినిక్కులు ఇప్పుడు సగానికి మించిపోయాయని, వాటిలో బిల్లు మాట్లాడలేక కుర్ర డాక్టర్లు నలిగిపోతున్నారని చిన్నదే నాకు చెప్పింది. నేను తల ఊపానే తప్ప వినలేదు.

ఇందాక దాని నోటు పుస్తకం బల్ల మీదే ఉండిపోతే తెరిచాను. తప్పే. సోమర్‌సెట్ పేజీలో ఇలా ఉంది: మగదూడలు ఏమవుతాయని రైతును అడిగాను, ఆయన మొదట నేల చూశాడు, తరువాత ఉన్నదున్నట్టు చెప్పాడు, ఆడదూడలే పుట్టేలా వేరుచేసిన వీర్యం వాడడం మొదలుపెట్టాక చంపవలసినవి తగ్గాయన్నాడు, దీనికి సరైన జవాబు నాకు తెలియదు, ఇంటర్వ్యూలో అడిగితే తెలియదనే చెబుతాను. కింద రెండు గీతలు గీసుకుంది. అంటే వంటింట్లో అది నన్ను ఊరికే అడగలేదు. లేక ఊరికే అడిగిందేమో, నేనే ఎక్కువ ఊహిస్తున్నానేమో.

మా గేదెకు పుట్టింది దున్నదూడ. పెయ్యదూడ అయితే మరోలా ఉండేది. దున్నకు పాలు వదిలితే కేంద్రానికి పోసే పాలు తగ్గుతాయి, దున్నిద్దామంటే ఊళ్ళోకి అప్పటికే ట్రాక్టరు వచ్చింది. ఎవరూ దాన్ని కొట్టలేదు, చంపలేదు. చేపు రావడానికి రెండు గుటకలు తాగనిచ్చి గుంజకు కట్టేసేవారు, అంతే. మూడు వారాలకు అది లేవలేదు. డాక్టరుగారిని ఎవరూ పిలవలేదు. దూడ లేకపోతే గేదె చేపదు గనుక, తోలు ఒలిపించి, ఎండబెట్టి, లోపల గడ్డి కుక్కి, నాలుగు కర్రల మీద నిలబెట్టారు. అమ్మ పాలు పితికే ముందు దాని మీద కాస్త ఉప్పునీళ్ళు చల్లేది. గేదె దాన్ని తల దగ్గర మొదలుపెట్టి తోక దాకా నాకేది, నాకుతుండగానే పొదుగు నిండేది. ఆ పాలు నేను రోజూ గ్లాసెడు తాగి బడికి వెళ్ళేదాన్ని.

రేపు ఏడున్నరకు చిన్నదాని బస్సు. దానికంటే ముందు లేవాలి.