వెనిస్‌లో ఆ ఊరి వాళ్ళ మాట విని తిరిగాం

వెనిస్ వెళ్తున్నాం అంటే ఇక్కడ మ్యూనిక్‌లో ఒక్కళ్ళు కూడా హాయిగా వెళ్ళిరండి అనలేదు. జనం తొక్కిసలాట, ఒక్క కాఫీకే చేతి చమురు వదులుతుంది, రెండు ఫొటోలు దిగేసి సాయంత్రం ట్రైన్ పట్టుకోండి, అందరిదీ ఇదే పాట. కానీ మా అత్తయ్య విజయవాడ నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు, ఆవిడకి నీళ్ళ మీద ఊరు చూడాలని ఎప్పట్నుంచో కోరిక, పైగా మా పిన్ని కొడుకు పక్కనే పాడువాలో ఎమ్మెస్ చేస్తున్నాడు (వాడి యూనివర్సిటీ 1222లో పెట్టారట, కనపడిన వాళ్ళందరికీ చెప్తాడు). వాడి క్లాస్‌మేట్ ఒకమ్మాయి పుట్టి పెరిగింది వెనిస్‌లోనే, కన్నరేజో అనే పేటలో. "అక్కా, నువ్వు యూట్యూబ్ చూడకు, ఆ అమ్మాయినీ వాళ్ళమ్మనీ అడిగి చెప్తా ఆగు" అన్నాడు. వాళ్ళు ఇటాలియన్‌లో పంపిన వాయిస్ మెసేజ్‌లన్నీ వీడు తెలుగులో చెప్పి నాకు పంపాడు, 2025 ఏప్రిల్ ఆఖర్లో మా ట్రిప్ అంతా వాటి మీదే నడిచింది.

తమాషా ఏంటంటే ఫలానాది చూడండి అని వాళ్ళు చెప్పింది చాలా తక్కువ. ఎన్నింటికి వెళ్ళాలి, ఎటు తిరక్కూడదు, ఎక్కడ కూర్చుంటే బిల్లు పెరుగుతుంది, అన్నీ ఇవే. అందులో మొదటిది, పొద్దున వచ్చి సాయంత్రం పోవద్దు, రాత్రి ఉండండి అని. పగలు వచ్చే జనంలో ఎక్కువమంది చీకటి పడేలోపు బస్సులు ట్రైన్లు ఎక్కి పోతారు, ఊరు ఊరిలా ఉండేది అప్పుడూ తెల్లారుజామునే అంట. ఉండేది ఎక్కడ అనే దగ్గర మాత్రం తల్లీకూతుళ్ళకి పడలేదు, అమ్మాయేమో దీవిలోనే ఉండాలంటుంది, వాళ్ళమ్మేమో రూమ్‌కి అంత పోయడం ఎందుకు, బ్రిడ్జికి అవతల మెస్త్రేలో ఉండమనండి అంటుంది. మేం అమ్మ పార్టీ. దానికి ఇంకో లాభం కూడా ఉంది, రద్దీ రోజుల్లో పగటిపూట వచ్చే వాళ్ళ దగ్గర వెనిస్ వాళ్ళు ఎంట్రీ ఫీజు తీసుకుంటున్నారు కదా, 2024లో మొదలెట్టారు, ముందుగా కడితే 5 యూరోలు, ఆఖరి నిమిషంలో అయితే 2025 నుంచి 10. మెస్త్రే కూడా వెనిస్ మునిసిపాలిటీ కిందకే వస్తుంది కాబట్టి అక్కడ హోటల్లో ఉన్నా ఆ ఫీజు లేదు, కాకపోతే వెబ్‌సైట్లో రిజిస్టర్ అయి క్యూఆర్ కోడ్ తీసుకోవాలి. మా వాడు ఆ రీజియన్ రెసిడెంటే కాబట్టి వాడికి ఎలాగూ ఫ్రీ.

మెస్త్రే చూడ్డానికి ఏమీ ఉండదు, కానీ స్టేషన్ చుట్టుపక్కల బంగ్లాదేశ్ వాళ్ళ షాపులు బోలెడు. బియ్యం, పచ్చిమిరపకాయలు, కొత్తిమీర కట్టలు, బెండకాయలు. అత్తయ్య ముఖం అక్కడ వెలిగినట్టు తర్వాత వెనిస్‌లో పేరున్న పెద్ద చౌరస్తా శాన్ మార్కోలో కూడా వెలగలేదు, నిజం చెప్తున్నా. షాపాయన ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నాడట, హిందీలో మాట్లాడాడు, ఆయన కూడా లోకలే కదా అని సలహా అడిగా. బస్సులో వెళ్ళండి, 1.50 యూరోలే, టికెట్ మాత్రం ముందే కొనుక్కోండి, నీళ్ళ సీసాలు కొనొద్దు, ఊళ్ళో ఎక్కడ చూసినా కుళాయిలుంటాయి, మంచి నీళ్ళే అన్నాడు. రెండూ నూటికి నూరుపాళ్ళు కరెక్టే.

అసలు ఖర్చంతా పడవల దగ్గర. వపొరెత్తో అని వాళ్ళ సిటీ బస్సు లాంటి పడవ, దానికి టూరిస్టుకి ఒక్క టికెట్ 9.50 యూరోలు, 75 నిమిషాలే పనిచేస్తుంది, అదే కార్డున్న లోకల్స్‌కి ఒకటిన్నర. ఆ అమ్మాయి ఏం చెప్పిందంటే, విడి టికెట్ ఎప్పుడూ కొనొద్దు, ఎక్కువసార్లు ఎక్కే రోజు చూసుకుని 24 గంటల పాస్ 25 యూరోలకి కొనుక్కుని ఆ రోజే దీవులన్నీ చుట్టేయండి, మిగతా టైమంతా నడవండి అని. మోకాళ్ళు నొప్పులున్న మనిషిని పెట్టుకుని నడవడం ఎలాగ, అడుగడుక్కీ వంతెన, వంతెనకి మెట్లు. అందుకని పాస్ రోజున బస్సులాగే పియజాలే రోమా దగ్గర 1వ నంబర్ పడవ ఎక్కి, వెనక బయట సీట్లు దొరికేదాకా ఒక పడవ వదిలేసి మరీ కూర్చున్నాం, అది ఊరి మధ్య పెద్ద కాలవ గ్రాండ్ కెనాల్ పొడుగునా ప్రతి స్టాపులో ఆగుతూ నిదానంగా పోతుంది. దాని ముందు ఏ టూర్ పడవా పనికిరాదు. ఎక్కగానే బ్యాక్‌పాక్ భుజం మీంచి తీసి కాళ్ళ దగ్గర పెట్టుకోమని కూడా చెప్పారు, టూరిస్టుల్లో వెనిస్ వాళ్ళకి ఒళ్ళు మండేది మొదట ఆ బ్యాగులకేనట, ఆ తర్వాత వంతెన మధ్యలో ఆగిపోయి ఫొటోలు తీసేవాళ్ళకి. మా ఆయన రెండో దాంట్లో చాంపియన్, చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది.

రియాల్టో మార్కెట్‌కి పొద్దున్నే పొమ్మన్నారు, ఆదివారం సోమవారం తప్ప, ఆ రెండ్రోజులూ చేపల వాళ్ళుండరు. మేం చేపలు తినం అయినా వెళ్ళాం. కూరగాయల వైపు ఒకాయన ఆర్టిచోక్‌లు బాగుచేస్తున్నాడు, పచ్చటి మొగ్గ లాంటిది చేతిలో తిప్పుతుంటే కత్తి అలాగే నిలబడి ఉంటుంది, రేకులన్నీ చుట్టూ రాలిపోయి ఆఖరికి అరచేతిలో పట్టేంత తెల్లటి బిళ్ళ ఒకటి మిగుల్తుంది, అది టపీమని నిమ్మరసం కలిపిన నీళ్ళ బకెట్లో పడేస్తాడు, ఒక్కోదానికి పది సెకన్లు కూడా పట్టట్లేదు. అత్తయ్య కాసేపు చూసి "అరటిపువ్వు ఒలిచి మజ్జిగలో వేసినట్టే, నల్లబడకుండా" అన్నారు. ఆ బిళ్ళలే ఉడకబెట్టి వెల్లుల్లి, ఆలివ్ నూనె వేసి పక్కన బార్లో అమ్ముతారు, శాకాహారులకి వెనిస్‌లో అంతకంటే మంచి తిండి నాకు కనపడలేదు.

మార్కెట్ పక్కనే త్రగెత్తో ఉంది, చాలామంది టూరిస్టులు దాన్ని దాటుకుని పోతుంటారు పట్టించుకోకుండా. గాండోలానే, కుషన్లూ అలంకారాలూ లేనిది, ముందొకళ్ళు వెనకొకళ్ళు తెడ్లేసి గ్రాండ్ కెనాల్ అడ్డంగా అవతలి ఒడ్డున శాంతా సొఫీయాకి దాటిస్తారు, మనకి 2 యూరోలు. రెండు నిమిషాల్లో అయిపోతుంది. అసలు గాండోలా అయితే అరగంటకి 90 యూరోలు, రాత్రి 110, అది ప్రభుత్వం పెట్టిన రేటే, మనిషికి కాదు పడవకి, ఐదుగురు ఎక్కొచ్చు. ఆ అమ్మాయి జన్మలో ఒక్కసారి కూడా ఎక్కలేదట. లోకల్స్ త్రగెత్తోలో నిలబడే దాటుతారు, అత్తయ్యని పక్క చెక్క మీద కూర్చోబెట్టాం, నేను నిలబడ్డా, మధ్యలో వపొరెత్తో అల వచ్చి ఊపితే ముందున్న ఇటాలియన్ తాతగారి కోటు పట్టుకున్నా. ఆయన పేపర్ చదువుతూనే ఉన్నాడు.

శాన్ మార్కో ఎనిమిది లోపు చూసేయండి, తర్వాత అక్కడ మాకే పనిలేదు అన్నారు. చూశాం, బాగుంది, కుర్చీలింకా వేయలేదు, ఊడ్చేవాళ్ళు ఊడుస్తున్నారు. 1720 నాటి కఫే ఫ్లోరియన్ అక్కడే, బ్యాండు వాయిస్తుంటే మ్యూజిక్‌కి కూడా బిల్లులో విడిగా వేస్తారు, అందుకే కాఫీ వెనక సందులో నిలబడి తాగాం. ఈ దేశంలో కౌంటర్ దగ్గర నిలబడితే ఒక రేటు, కూర్చుంటే ఇంకో రేటు. గంటస్తంభం ఎక్కడానికి క్యూ కడుతుంటే మేం 2వ నంబర్ పడవలో ఎదురు దీవికి వెళ్ళి శాన్ జోర్జో మజ్జోరే చర్చి టవర్ లిఫ్టులో ఎక్కాం. వ్యూలో శాన్ మార్కో స్తంభం కూడా వస్తుంది, అది 1902లో కూలిపోతే 1912కి మళ్ళీ కట్టారు.

చర్చిల్లో ఆ తల్లిగారు చెప్పింది ఒక్కటే, శాన్ జక్కరియా, శాన్ మార్కో నుంచి రెండడుగులు. లోపల బెల్లీని అనే వెనిస్ చిత్రకారుడు 1505లో వేసిన పెద్ద బొమ్మ ఉంది, మసక చీకట్లో ఏమీ కనపడదు, పక్కన డబ్బాలో కాయిన్ వేస్తే లైటు వెలుగుతుంది. అత్తయ్యకి మేరీమాత కంటే కింద మెట్టు మీద కూర్చున్న దేవకన్య నచ్చింది, "ఫిడేలు వాయిస్తోంది చూడు" అని, లైటు ఆరిపోతే పర్సులోంచి ఇంకో కాయిన్ ఆవిడే తీశారు.

సాయంత్రాలు కన్నరేజోలో. స్టేషన్ నుంచి జనమంతా స్ట్రాడా నోవా అనే పెద్ద వీధి పట్టుకుని పోతారు, మీరు ఒకటో రెండో కాలవలు పైకి వెళ్ళండి అన్నారు, అంతే, ఓర్మెసీనీ, మిజెరికోర్దియా అని కాలవ గట్టు వీధులు, గట్టు మీద కాళ్ళు వేలాడేసి కూర్చున్న కుర్రాళ్ళు. బార్లలో చికెత్తి అని బ్రెడ్డు ముక్క మీద ఏదో ఒకటి పెట్టి ఇస్తారు, ఎక్కువ చేపలే, కానీ చీజూ వాల్‌నట్టూ పెట్టినవి ఉంటాయి. స్ప్రిట్జ్ అని అక్కడి కాక్‌టెయిల్, అందులో ఏ మందు కలపాలనే దగ్గర మా తమ్ముడికీ ఆ అమ్మాయికీ గొడవ, అపెరోల్ 1919లో పాడువాలో పుట్టింది కాబట్టి వీడు అదే అంటాడు, ఆ అమ్మాయి వెనిస్‌ది సెలెక్ట్ తప్ప ముట్టదు. నాకు రెండూ దగ్గుమందే.

ఆ తల్లిగారిని రియాల్టో దగ్గర కాంపో శాన్ బార్తొలొమేయోలో కలిశాం, ఒక మందుల షాపు కిటికీ దగ్గరకి ఆవిడే తీసుకెళ్ళారు. అందులో ఒక డిస్‌ప్లే బోర్డు, ఊళ్ళో ఎంతమంది మిగిలారో నంబరు, 2008 నుంచి ఉందట. 1951లో లక్షా డెబ్బై అయిదు వేలకి దగ్గరగా ఉన్న ఊరు ఇప్పుడు యాభై వేల లోపు. మేం ఇలా వస్తుంటే మీకు కోపం రాదా అని తమ్ముడి చేత అడిగించా. వచ్చేవాళ్ళ మీద కాదు, మా బిల్డింగులో మూడు ఫ్లాట్లు టూరిస్టులకిచ్చేశారు, మా అబ్బాయికి ఇక్కడ ఇల్లు దొరక్క మెస్త్రేలో ఉంటున్నాడు అన్నారు. మమ్మల్ని మెస్త్రేలో ఎందుకు ఉండమన్నారో అప్పుడర్థమైంది.

ఈసారి నవంబర్లో వారం మధ్యలో రండి, రేట్లు తగ్గుతాయి, సముద్రం పోటెక్కి వీధుల్లోకి నీళ్ళొస్తే బూట్లు నేనిస్తా అన్నారు ఆవిడ. 2020 నుంచి సముద్రం దగ్గర ఆ నీళ్ళు ఆపడానికి మోజే అనే గేట్లు లేపుతున్నారు కాబట్టి ఆ బూట్ల పని ఈమధ్య తగ్గిందట. అత్తయ్య వెంటనే "బూట్ల సైజు చెప్పు" అన్నారు, అప్పటికి వీసా ఉండదని నేనింకా చెప్పలేదు.