ముందు నా యిష్టం చెప్పుకోవాలి

"మీరు శోధనలో ప్రవేశించకుండునట్లు మెలకువగా ఉండి ప్రార్థనచేయుడి, ఆత్మ సిద్ధమే గాని శరీరము బలహీనము" (మత్తయి 26:41).

ఈ వాక్యం ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. కానీ విన్న ప్రతిసారీ నాకు రెండో సగమే గుర్తుండిపోయేది. శరీరము బలహీనము. ఎంత సౌకర్యమైన మాటో! కోపంలో నోరు జారినా, చూడకూడనిది చూసినా, చెప్పకూడని అబద్ధం చెప్పినా ఆ సాయంత్రం ఈ ముక్క తీసి జేబులో పెట్టుకునేవాణ్ణి. ప్రభువే అన్నాడు కదా బలహీనమని, ఇంక మనమెంత అని. ఆయన ఆ మాట అన్నది పడిపోయిన వాళ్ళతో కాదు, ఇంకా పడిపోని వాళ్ళతో అని, అది సాకు కాదు, ముందే చేసిన హెచ్చరిక అని నాకు తట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది.

యేసును పట్టుకున్న ఆ రాత్రి సంగతి మనకు తెలిసిందే. పస్కా భోజనం అయ్యాక యేసూ శిష్యులూ కెద్రోను వాగు దాటి ఒలీవల కొండ దగ్గర గెత్సేమనే తోటకి వచ్చారు. గెత్సేమనే అంటే నూనె గానుగ అని అర్థం. పేతురునీ జెబెదయి ఇద్దరు కొడుకులనీ కొంచెం లోపలికి తీసుకెళ్ళి, నాతో కూడ మెలకువగా ఉండండి అని అడిగి, ఆయన ఇంకొంచెం దూరం వెళ్ళి సాగిలపడ్డాడు. తిరిగి వచ్చేసరికి వాళ్ళు నిద్ర. "ఒక గడియయైనను నాతోకూడ మేల్కొనియుండలేరా?" అన్నాడు. మన పాత లెక్కలో గడియంటే 24 నిమిషాలే, మూల భాషలో ఉన్న మాటకి గంట అని అర్థం. సరే, ఇరవై నాలుగు నిమిషాలైనా నేను మెలకువగా ప్రార్థించిన రోజులెన్ని అని అడిగితే నా దగ్గర జవాబు లేదు, కాబట్టి ఆ లెక్క జోలికి పోను.

పేతురు మీద నాకు జాలి కూడా ఉంది. సువార్త రాసిన లూకా ఒక మాట చెబుతాడు, వాళ్ళు దుఃఖం చేత నిద్రపోయారని. సోమరితనం కాదు, మనసు బరువెక్కి అలసిపోయారు. శోధన మన దగ్గరికి ఎక్కువగా వచ్చేది కూడా అలాంటప్పుడే కదా, బాగా అలసిపోయినప్పుడు, ఎవరూ మనల్ని అర్థం చేసుకోవట్లేదు అనిపించినప్పుడు, ఈ ఒక్కసారికి నాకు హక్కుంది అని లోపల ఎవరో అన్నట్టు ఉన్నప్పుడు.

అందరూ పేతురు ఎక్కడ పడిపోయాడు అంటే ప్రధానయాజకుని ఇంటి ముంగిట, చలిమంట దగ్గర అంటారు. నాకైతే అతను తోటలోనే పడిపోయాడనిపిస్తుంది. ప్రార్థన చేయాల్సిన సమయంలో నిద్రపోయాడు, నిద్ర లేవగానే కత్తి దూసి ప్రధానయాజకుని దాసుడు మల్కు చెవి నరికాడు, ఆ తర్వాత ఒక పనిపిల్ల అడిగిన ప్రశ్నకి వణికిపోయి యేసు ఎవరో తెలియదని బొంకాడు. ఈ మూడూ ఒకే రాత్రిలో, ఒకదాని వెనక ఒకటి. ప్రార్థన లేని ధైర్యం ముందు చేతికి దొరికిన కత్తి పడుతుంది, కాసేపటికే ఆ మనిషెవరో నాకు తెలియదు అంటుంది.

ఇక ఈ "శోధన" అనే మాట. మన బైబిల్లో ఇది రెండు పనులు చేస్తుంది, పరీక్ష అనీ, పాపానికి లాగే ప్రేరేపణ అనీ. గ్రీకులో ఉన్న పెయిరాస్మోస్ కూడా అంతే, రెండర్థాలూ అందులోనే ఉన్నాయి. అందుకే పరలోక ప్రార్థనలో "మమ్మును శోధనలోకి తేక" అన్నచోట చాలామందికి ఇబ్బంది, తండ్రి తన పిల్లల్ని శోధనలోకి తెస్తాడా అని. 2017లో పోప్ ఫ్రాన్సిస్ కూడా ఇటాలియన్ అనువాదం గురించి ఇదే అన్నారు, పడేది నేనే గాని తోసేది ఆయన కాదు అనే అర్థంలో. 2020లో ఇటలీ కాథలిక్కుల ఆరాధన గ్రంథంలో ఆ వాక్యాన్ని "మమ్మల్ని శోధనకు విడిచిపెట్టకు" అనే అర్థం వచ్చేలా మార్చారు కూడా. అనువాదం గొడవ పండితులకి వదిలేద్దాం గాని, పత్రిక రాసిన యాకోబు మాత్రం ఎక్కడా తడుముకోలేదు. దేవుడు ఎవరినీ శోధించడు, "ప్రతివాడును తన స్వకీయమైన దురాశచేత ఈడ్వబడి" శోధింపబడతాడు అన్నాడు. స్వకీయమైన, అంటే సొంతది, అచ్చంగా నాది. అపవాది, అంటే సాతాను, ఎర వేస్తాడు, నిజమే, కానీ ఏ ఎరకి నేను వస్తానో నాలో ఉన్న ఆకలిని బట్టే కదా వేస్తాడు.

ఆ సొంతది ఏమిటో ఒప్పుకోవడం దగ్గరే నేను చాలాకాలం ఆగిపోయాను.

నాతో పాటు పనిచేసే ఒకతను ఉన్నాడు. నా వయసే, ఇంచుమించు ఒకేసారి చేరాం. అతనికి ప్రమోషన్ వచ్చింది, నాకు రాలేదు. అప్పటినుంచీ నేను రోజూ ప్రార్థనలో అతని పేరు ఎత్తి "ప్రభువా, అతన్ని దీవించు, నాకు సహనం ఇవ్వు" అనేవాణ్ణి. చాలా చక్కటి ప్రార్థన, సంఘంలో నిలబడి గట్టిగా చేసినా ఎవరూ వంక పెట్టలేరు. ప్రార్థన అయ్యాక ఆఫీసుకెళ్ళి అతని పనిలో తప్పు ఎక్కడ దొరుకుతుందా అని చూసేవాణ్ణి. ఒకసారి దొరికింది కూడా. నలుగురిలో దాన్ని ఎంత మర్యాదగా బయటపెట్టానంటే నేనేదో అతనికి సాయం చేస్తున్నట్టే అందరికీ అనిపించింది. అతనికి మాత్రం తెలుసు, అతని ముఖం చూస్తే నాకు తెలిసింది.

ఆ రాత్రి మోకరించాను గాని ఎప్పటి మాటలు నోటికి రాలేదు. చాలాసేపటికి బయటికొచ్చిన వాక్యం ఇది: "ప్రభువా, అతను పడిపోతే చూడాలని ఉంది నాకు." అన్నాక నాకే భయం వేసింది, దేవుని ఎదుట ఇలాంటి మాట అనొచ్చా అని. కానీ అన్నేళ్ళలో ఆయనతో నేను నిజం మాట్లాడింది అదే మొదటిసారేమో. అంతకుముందు చేసినవన్నీ నాలో లేని ఒక మంచి మనిషి తరఫున చేసిన ప్రార్థనలు, పాపం ఆ మనిషికి ఏ శోధనా లేదు కాబట్టి ఏ సహాయమూ అందలేదు.

ఆ తర్వాత మళ్ళీ గెత్సేమనే చదివితే ఇంతకుముందు దాటిపోయిన ఒక మాట దగ్గర ఆగిపోయాను. "అయినను నా యిష్టప్రకారము కాదు నీ చిత్తప్రకారమే కానిమ్ము." మనం ఎప్పుడూ "నీ చిత్తం" మీదే పాటలు పాడుకుంటాం, ప్రసంగాలు చేసుకుంటాం. కానీ దానికి ముందు "నా యిష్టం" అని ఒకటుంది కదా! ఆ ఇష్టం ఏమిటో కూడా ఆయన దాచలేదు, సాధ్యమైతే ఈ గిన్నె, అంటే ముందున్న ఆ శ్రమ, నా దగ్గరనుంచి తొలగిపోనీ అని తండ్రితో నేరుగా చెప్పాడు. ఆయన ఇష్టంలో పాపం లేదు, నాదానిలో నిండా అదే ఉంది, రెండూ ఒకటి కాదని నాకూ తెలుసు. నేను పట్టుకున్నది ఆ వరుస ఒక్కటే. నా యిష్టం ఇదీ అని చెప్పినవాడే "నా యిష్టప్రకారము కాదు" అనగలడు. చెప్పకుండా దాచుకున్న దాన్ని అప్పగించడం ఎలా?

ఇంకొకటి. ఆయన ఒక్కసారి ప్రార్థించి లేచిపోలేదు. మూడుసార్లు వెళ్ళాడు. మొదటిసారి "సాధ్యమైతే" అన్నాడు, రెండోసారి దాన్ని త్రాగితేనే గాని తొలగిపోవడం "సాధ్యము కానియెడల" నీ చిత్తమే సిద్ధించునుగాక అన్నాడు. ఈ రెండు మాటల మధ్య ఎంత దూరం ఉందో చూడండి. మూడోసారి ఆ మాటలే చెబుతూ ప్రార్థించాడని మత్తయి రాశాడు. లూకా అయితే ఆయన చెమట రక్త బిందువుల్లా నేల మీద పడిందంటాడు. దేవుని కుమారుడే ఒకే మాట మళ్ళీ మళ్ళీ అన్నాడు, మనం మాత్రం రెండు రోజులు ప్రార్థన చేసి ఇంకా ఆ కోరిక పోలేదే, నా విశ్వాసంలో ఏదో లోపముంది అని టెన్షన్ పడిపోతాం. "పోయిన వారం ఉపవాస ప్రార్థనలో నా బలహీనత పూర్తిగా తీసేశాడు, ఇక మళ్ళీ రాలేదు" అనే సాక్ష్యాలు విన్నప్పుడు నేను స్తోత్రం అంటాను గాని లోపల కొంచెం కుంగిపోతాను కూడా. పౌలు అంతటివాడు రోమా 7లో "నేను చేయగోరు మేలు చేయక చేయగోరని కీడు చేయుచున్నాను" అని రాసుకున్నాడు. అది మారుమనస్సుకి ముందు సంగతా తర్వాతి సంగతా అని వ్యాఖ్యాతలు వాదించుకుంటారు. నాకు మాత్రం అది నిన్నటి సంగతిలా ఉంటుంది.

వాక్యంలో "ప్రవేశించకుండునట్లు" అని ఉంది గమనించారా? శోధన మీకు ఎదురు కాకుండా అనలేదు. ఎదురవుతుంది, వాకిట్లోనే ఉంటుంది. పాపం వాకిట పొంచి ఉంటుందని కయీనుతో దేవుడు అన్నాడు కదా, అది కూడా తమ్ముడి మీద అసూయతో ముఖం చిన్నబుచ్చుకున్న రోజునే. ఇంకా హత్య జరగలేదు, ఇంకా మాట్లాడుకునే వీలుంది. దేవుడు నీకు కోపమెందుకు, ముఖం అలా పెట్టావెందుకు అని అడిగాడు కూడా. కయీను చెప్పిన జవాబంటూ అక్కడ ఏమీ రాసి లేదు. నాకు ఆ మౌనం బాగా తెలుసు.

గుమ్మం దగ్గర ఎంతసేపు నిలబడగలం? పెద్ద ప్రార్థనలకి అప్పుడు టైము ఉండదు. ఐదో శతాబ్దంలో జాన్ కాసియన్ అనే సన్యాసి, ఈజిప్టు ఎడారిలోని పెద్దల దగ్గర నేర్చుకున్న పద్ధతి ఒకటి రాసిపెట్టాడు. 70వ కీర్తన మొదటి వచనం పట్టుకుని తిండి దగ్గర, నిద్ర దగ్గర, కోపం దగ్గర, గర్వం దగ్గర, అన్నిటికీ అదే అంటూ ఉండమని. "దేవా, నన్ను విడిపించుటకు త్వరగా రమ్ము యెహోవా, నా సహాయమునకు త్వరగా రమ్ము." మొదట చదివినప్పుడు ఇదేదో మంత్రంలా ఉందే అనుకున్నాను, ఇప్పుడలా అనుకోవట్లేదు. మునిగిపోయేవాడి కేకలో కొత్త మాటలుండవు, పేతురు కూడా నీళ్ళ మీద మునిగిపోతూ "ప్రభువా, నన్ను రక్షించుము" అనే అరిచాడు.

ఆ పేతురే చాలా ఏళ్ళ తర్వాత తన పత్రికలో "మెలకువగా ఉండుడి" అని రాశాడు, అపవాది గర్జించు సింహంలా తిరుగుతున్నాడని. తోటలో ప్రభువు తనతో అన్న క్రియాపదమే అది, గ్రీకులో కూడా. ఆ రాత్రి నిద్రపోయినవాడు రాస్తున్నాడు ఆ మాట. రాసేటప్పుడు చెయ్యి ఆగిందో లేదో. నీ నమ్మిక తప్పిపోకుండునట్లు నేను నీకోసం వేడుకున్నాను అని ప్రభువు అతనితో అన్నది అదే రాత్రి, అంటే అతను నిద్రపోకముందే, బొంకకముందే, అతని తరఫున ప్రార్థన ఒకటి తండ్రి దగ్గరికి వెళ్ళిపోయింది.

అరణ్యంలో నలభై రోజులు శోధించాక అపవాది యేసుని విడిచి వెళ్ళాడు గాని "కొంతకాలము" అని ఉంది. నా సంగతీ అంతే. మొన్న ఆఫీసులో అతన్ని అందరి ముందూ మెచ్చుకున్నారు, నేనూ చప్పట్లు కొట్టాను, కొడుతుండగానే లోపల ఆ పాతది తల ఎత్తింది. మెట్ల దగ్గరికి వెళ్ళి నిలబడి చెప్పాను, ప్రభువా, మళ్ళీ వచ్చింది, త్వరగా రమ్ము అని. ఒక నిమిషం కూడా పట్టలేదేమో. తర్వాత లోపలికి వెళ్ళి అతనితో చెయ్యి కలిపాను. నా చెయ్యి కొంచెం చల్లగానే ఉంది.