మా బాబు ఊరుకుంటే నీలమయ్యేవాడు

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. బాబు నెలలు నిండే పుట్టాడు, పుట్టగానే వార్డంతా వినబడేలా ఏడ్చాడు, ఇంకేం టెన్షన్ లేదనుకున్నాం. మా అత్తయ్యగారు ఎత్తుకుని జోకొడితే ఏడుపు ఆపాడు గానీ, కాసేపటికే పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగి డొక్కలు ఎగరేయడం మొదలెట్టాడు. మళ్ళీ గుక్కపెట్టి ఏడిస్తే ఎర్రగా అయిపోయేవాడు. పాలు పట్టబోతే రెండు గుక్కలకే వదిలేసి గిలగిల్లాడాడు. ఉమ్మనీరు తాగేశాడని ఒకరు, జలుబని ఒకరు.

పట్టుకున్నది నైట్ డ్యూటీ సిస్టర్. "ఏడిస్తే బాగుంటున్నాడు, ఊరుకుంటే నీలమవుతున్నాడు, ముక్కు చూడండి సార్" అని డాక్టరుగారిని లాక్కొచ్చింది. ఆయన దూదిపోగు ముక్కు దగ్గర పెడితే అది కదల్లేదు. సన్నటి ట్యూబు వేస్తే మూడు సెంటీమీటర్లు వెళ్ళి ఆగిపోయింది, రెండో ముక్కులోనూ అంతే. ముక్కు వెనక గొంతులోకి తెరుచుకోవాల్సిన దారి రెండు వైపులా మూసుకుపోయి పుట్టాడట, కోయెనల్ అట్రీషియా అంటారట. పుట్టిన కొత్తలో పిల్లలు దాదాపు ముక్కుతోనే ఊపిరి తీస్తారు, ఏడ్చినప్పుడే నోటి నుంచి గాలి వెళ్తుంది. అంటే మేం ముద్దుగా ఊరుకోబెట్టిన ప్రతిసారీ వాడి ఊపిరి ఆపుతున్నామన్నమాట!

నోట్లో చిన్న గొట్టం పెట్టి ప్లాస్టరు అంటించి, ఎదుర్లంక వంతెన మీదుగా కాకినాడ పంపించారు. నాకు సిజేరియన్ కుట్లు, మా ఆయన వెళ్ళారు. యానాం దాటాక ఫోన్ చేసి "పడుకున్నాడే, ఎర్రగానే ఉన్నాడు" అన్నారు, అప్పుడు ఏడ్చాను.

అక్కడ పక్క ఉయ్యాలలో పాపకి నోట్లో నురగ ఆగట్లేదట, అన్నవాహిక లోపమట. ఇంకో బాబుకి పొట్ట లోపలికి పోయి ఉంది, ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రం అనే కండర పొరలో రంధ్రంలోంచి పేగులు ఛాతీలోకి ఎక్కాయట. పైకి చూస్తే ముగ్గురూ డొక్కలెగరేసేవాళ్ళే.

మావాడికి సీటీ తీశారు, ఇలా పుట్టిన కొందరికి వేరే లోపాలూ ఉంటాయని గుండె, కళ్ళు, చెవులు కూడా చూశారు, అవి బాగున్నాయి. ఆరో రోజు ముక్కులోంచే ఎండోస్కోపుతో దారి తెరిచి గొట్టాలు పెట్టారు. నాలుగు వారాలు సెలైన్ చుక్కలు, సక్షన్, నిద్రలేని రాత్రులు. గొట్టాలు తీశాక నాలుగో నెలలో దారి మళ్ళీ ఇరుకైతే ఇంకోసారి వెడల్పు చేశారు.

ఇప్పుడు పదకొండో నెల. అత్తయ్యగారి దిండు కింద దూదిపోగు ఇంకా ఉంది. మొన్న జలుబు చేసి గురక పెడుతుంటే, అర్ధరాత్రి లేచి ముక్కు దగ్గర పట్టుకుని కూర్చున్నారు.